కంటికి పనిచేసిన స్టెమ్ సెల్స్ ఆటిజానికి ఎందుకు పనిచేయవు? రెండూ హైదరాబాద్‌లోనే కదా!

అడిగినావిడ రాసింది క్లుప్తంగా ఇదీ. అక్క కొడుక్కి నాలుగేళ్లు, ఆటిజం. నగరంలో ఒక సెంటర్ వాళ్లు స్టెమ్ సెల్స్ (మూలకణాలు, అంటే కొత్త కణాల్ని పుట్టించగల కణాలు) ఎక్కిస్తామన్నారు. నాలుగు సిట్టింగులు, ఎనిమిది లక్షలు. జపాన్, జర్మనీ సంస్థలతో ‘ఇంటర్నేషనల్ కొలాబరేషన్’ ఉందని బ్రోచర్‌లో వేశారు. బావగారు యాభై వేలు అడ్వాన్స్ కట్టేశారు. అత్తగారి ఊళ్లో ఒక పిల్లాడికి కంట్లో సున్నం పడి చూపు పోతే స్టెమ్ సెల్స్‌తోనే తిరిగొచ్చింది, అదీ హైదరాబాద్‌లోనే. మరి అక్కడ పనిచేసింది ఇక్కడ ఎందుకు పనిచేయదు? బాబు పుట్టినప్పుడు బ్యాంకులో దాచిన బొడ్డుతాడు రక్తం వాడుకోవచ్చా?

ముందు నా సంగతి చెప్తాను. నేను డాక్టర్ని కాను. పదిహేనేళ్లు సెల్ కల్చర్ ల్యాబ్‌లో పనిచేశాను, ఆ తర్వాత క్లినికల్ ట్రయల్స్ (కొత్త చికిత్సల్ని మనుషుల మీద పరీక్షించి చూడడం) కాగితాలు చూసే పనిలోకి మారాను. అంటే మొదట్లో కణాలు పెంచేవాణ్ణి, ఇప్పుడు ఆ కణాల పేరుతో వచ్చే ఫైళ్లు చదువుతున్నాను. ఫైళ్లు చదవడమే కష్టం.

సున్నం సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. తమలపాకుల్లోకి అమ్మే సున్నం ప్యాకెట్టు చూసే ఉంటారు. పిల్లలు దాన్ని గట్టిగా నొక్కి ఆడుకుంటారు, అది టప్పున పేలి ముఖం మీద పడుతుంది. సున్నం క్షారం, యాసిడ్ కన్నా లోతుగా దిగుతుంది. (ఎవరింట్లోనైనా ఇలా జరిగితే ఆస్పత్రికి పరిగెత్తే ముందే కుళాయి కింద పెట్టి అరగంట పాటు కంటిని కడగండి. రెప్పల కింద ఇరుక్కున్న పలుకులు కూడా పోవాలి. ఆ అరగంటే చాలాసార్లు కంటిని కాపాడుతుంది.)

నల్లగుడ్డు మీద పలుచని పొర ఒకటి ఉంటుంది. అది వారం పది రోజులకోసారి పూర్తిగా కొత్తదవుతుంది. కొత్త కణాలు వచ్చేది నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచు నుంచి. ఆ అంచును లింబస్ అంటారు, స్టెమ్ సెల్స్ ఉండేది అక్కడే. సున్నం ఆ అంచును కాల్చేస్తే కొత్త పొర పుట్టదు. తెల్లగుడ్డు మీది పొర, ఎర్రటి రక్తనాళాలు నల్లగుడ్డు మీదికి పాకేస్తాయి. అప్పుడు మామూలుగా చేసే కార్నియా మార్పిడి చేసినా నిలవదు. విత్తనాలు కాలిపోయిన పొలంలో పైన మట్టి మార్చి ఏం లాభం?

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. పోయింది ఏ కణమో తెలుసు. అది ఎక్కడుండాలో తెలుసు. రెండో కన్ను బాగుంటే అవే కణాలు అదే మనిషి దగ్గర ఉన్నాయి. పెట్టాక పట్టిందో లేదో లైటు వేసి కంటితో చూడొచ్చు. వైద్యంలో ఇన్ని అనుకూలాలు ఒకేచోట కుదరడం చాలా అరుదు.

అంత అనుకూలం ఉన్నా ఇది ఒక దేశంలో, ఒక ఆస్పత్రిలో తేలిన పని కాదు. 1975లో అమెరికాలో హోవర్డ్ గ్రీన్ ల్యాబ్ మనిషి చర్మపు కణాలను గాజు పళ్లెంలో పెంచే పద్ధతి కనిపెట్టింది. అడుగున ఎలుక కణాలు పరిచి, వాటి మీద మనిషి కణాలు పెంచేవారు. 1989లో కెన్యన్, త్సెంగ్ అనే ఇద్దరు డాక్టర్లు బాగున్న కంటి అంచు నుంచి పెద్ద ముక్క తీసి పాడైన కంటికి పెట్టి చూపించారు. పనిచేసింది గానీ మంచి కంటికి భయం. గ్రీన్ పద్ధతితో 1997లో ఇటలీలో పెల్లెగ్రీని, డి లూకా చిన్న ముక్కనే తీసి ల్యాబ్‌లో పొరగా పెంచి పెట్టారు. ఆ దారిలోనే 2015లో యూరప్‌లో మొట్టమొదటి స్టెమ్ సెల్ మందుగా హోలోక్లార్‌కు అనుమతి వచ్చింది. బ్రిటన్‌లో 2017లో దాని ధర కంటికి 80,000 పౌండ్లు. మన లెక్కలో అరవై లక్షల పైమాటే.

మన హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి 2001లోనే ఈ పని మొదలుపెట్టింది. ఇక్కడివాళ్లు చేసిన మార్పు చూడ్డానికి చిన్నదే. ఎలుక కణాలు తీసేసి, ఉమ్మనీటి సంచి పొర మీద, రోగి సొంత రక్తం నుంచి తీసిన సీరంతో కణాలు పెంచారు. పదేళ్లలో 200 కళ్లకు చేసి లెక్క వేస్తే 71 శాతం నిలిచాయి. మిగతా 29 శాతం నిలవలేదనీ వాళ్లే రాశారు. ఈ రెండో వాక్యం గుర్తు పెట్టుకోండి, బ్రోచర్ దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఆ రోజుల్లో ఇలాంటి కల్చర్ పనే నేనూ మరో చోట చేసేవాణ్ణి. ల్యాబ్ పేరు చెప్పను, తప్పు మాదే కాబట్టి. ముక్క తీశాక కణాలు పొరగా పెరగడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. రోజూ పొద్దున్నే డిష్‌ను మైక్రోస్కోప్ కింద పెట్టి అంచు ఎంతవరకు పాకిందో చూసేవాళ్లం. ఒకసారి పన్నెండో రోజు ఇంక్యుబేటర్ తలుపు తీస్తే, లేత గులాబీ రంగులో తేటగా ఉండాల్సిన మీడియం (కణాలు పెరిగే ద్రవం) పసుపు తిరిగి మబ్బుగా ఉంది. బ్యాక్టీరియా పట్టింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఫిల్టరో, చేతి తొడుగో, ఆ రోజు పోయిన కరెంటో. సర్జరీ ఎల్లుండి. పేషెంటు నల్గొండ వైపు నుంచి అప్పటికే బయల్దేరాడు. పెయింటింగ్ పని చేసుకునే కుర్రాడు, గోడకు సున్నం కొడుతుంటే కంట్లో పడింది. బస్సులో ఉన్నవాడికి ఫోన్ చేసి ‘కణాలు పాడయ్యాయి, మళ్లీ ముక్క తియ్యాలి’ అని చెప్పిన మనిషిని నేనే. ‘అంటే బాగున్న కన్ను మళ్లీ కోస్తారా సార్’ అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలో ఉంది.

అందుకే 2010లో ఎల్‌వీ ప్రసాద్‌లో మొదలైన స్లెట్ పద్ధతి గురించి చదివినప్పుడు నాకు ఒకేసారి సంతోషమూ సిగ్గూ కలిగాయి. ల్యాబ్‌నే తీసేశారు! మంచి కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఆపరేషన్ బల్ల మీదే ఎనిమిది పది తునకలు చేస్తారు. పాడైన కంటి మీద ఉమ్మనీటి సంచి పొర పరిచి, ఆ తునకలను నారు నాటినట్టు అక్కడక్కడా పెట్టి, ఫైబ్రిన్ జిగురుతో అతికిస్తారు. పైన మెత్తని కాంటాక్ట్ లెన్స్. ఇక కణాలు కంట్లోనే పెరుగుతాయి. ఇంక్యుబేటర్ లేదు, పన్నెండో రోజు గుండెదడ లేదు. 2012లో మొదటి ఆరుగురి ఫలితాలు అచ్చయ్యాయి. ఆ పేపర్ మీద నలుగురి పేర్లు ఉన్నాయి: వీరేందర్ సంగ్వాన్, సయన్ బసు, ఒకప్పుడు హైదరాబాద్‌లోని కణ పరిశోధన సంస్థ సీసీఎంబీకి డైరెక్టర్‌గా చేసిన బాలసుబ్రమణియన్, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీ నుంచి షీలా మెక్‌నీల్. ఆ తర్వాత 125 మందికి చేసి చూస్తే 76 శాతం నిలిచింది. ల్యాబ్‌లో పెంచి పెట్టినదానికి ఏమీ తీసిపోలేదు, ఖర్చు మాత్రం ఎంతో తగ్గింది.

మెక్‌నీల్ కళ్ల డాక్టర్ కాదు, కణాలు పెరగడానికి పొరలు, చట్రాలు తయారుచేసే మనిషి. ఉమ్మనీటి సంచి పొర ఇంకో తల్లి కాన్పు నుంచి రావాలి, జబ్బులేవీ లేవని పరీక్షించాలి, ఫ్రీజర్‌లో దాచాలి. కొన్ని దేశాల్లో అలాంటి బ్యాంకులే లేవు. దాని బదులు తనంతట తానే కరిగిపోయే కృత్రిమ పొర చేయగలమా అని షెఫీల్డ్, హైదరాబాద్ కలిసి పనిచేశాయి. అలాగే నల్లగుడ్డు లోపలి మచ్చల కోసం అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఫండర్‌బర్గ్ బృందంతో కలిసి, కంటి అంచులోనే దొరికే వేరే రకం స్టెమ్ సెల్స్ మచ్చను ఆపగలవని ఎలుకల్లో చూపించి 2014లో ప్రచురించారు. ఎలుకల్లో అని ఒత్తి చెబుతున్నాను. ఎలుకలకూ మనుషులకూ మధ్య ఏళ్ల తరబడి దాటాల్సిన దూరం ఉంటుంది. దాన్ని దాటించేది ట్రయల్స్.

కొలాబరేషన్ అంటే నాకు తెలిసింది ఇదీ. ఎవరి దగ్గర ఏం లేదో వాళ్లకు తెలుసు, అవతలివాళ్ల దగ్గర ఏం ఉందో అదీ తెలుసు. పేరు పెట్టి చెప్పగలరు. ఫలితం బాగున్నా బాగోకపోయినా అందరి పేర్లతో అచ్చవుతుంది.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఇది మనకు దగ్గర్లోని తమిళనాడులోది. వేలూరు సీఎంసీ ఆస్పత్రిలో హీమోఫీలియా ఏ (రక్తం సరిగా గడ్డకట్టని పుట్టు జబ్బు) ఉన్న ఐదుగురికి వాళ్ల రక్త మూలకణాలనే బయటికి తీసి, జన్యువు ఎక్కించి, తిరిగి ఇచ్చారు. జన్యువు డిజైన్ అమెరికాలోని ఎమోరీ యూనివర్సిటీది, రోగులు, ఆస్పత్రి, రిస్కు వేలూరువి. 2024 డిసెంబర్‌లో ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. చూసినన్నాళ్లూ ఎవరికీ రక్తస్రావం కాలేదు. ఐదుగురే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఐదుగురి వెనక ఎథిక్స్ కమిటీ, స్టెమ్ సెల్ కమిటీ, డ్రగ్ కంట్రోలర్ అనుమతి, విదేశీ భాగస్వామి ఉంటే తప్పనిసరి అయిన ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి, కణాలూ నమూనాలూ ఎవరి నుంచి ఎవరికి వెళ్తున్నాయో రాసే ఒప్పందం, ఇవన్నీ బీరువాల కొద్దీ ఉంటాయి. ఆ కాగితాలతో నేను విసిగిపోయిన రోజులున్నాయి. కానీ అవి లేకుండా ‘విదేశీ టై-అప్’ అనేవాళ్లను చూస్తే మాత్రం ఆ విసుగంతా పోతుంది.

ఇప్పుడు మీ బాబు సంగతి.

ఆటిజంలో ఫలానా కణం పోయింది, ఫలానా చోట పెడితే బాగవుతుంది అని చెప్పగలిగే స్థితి ఎవరికీ లేదు. సెంటర్ వాళ్లు ఇచ్చే కణాలు సాధారణంగా కొవ్వు నుంచో, మజ్జ నుంచో, ఎవరిదో బొడ్డుతాడు నుంచో తీసినవి. అవి సెలైన్‌లోనో, నడుము దగ్గర వెన్నులోకి సూదితోనో ఇస్తారు. అవి మెదడుకు వెళ్లి అక్కడి కణాలుగా మారతాయన్నది బ్రోచర్ బొమ్మల్లోనే ఉంటుంది. ‘వాపు తగ్గిస్తాయి’ అన్నది ఇప్పుడు ఎక్కువగా చెప్పే మాట. సరే, అలాగైనా ఉపయోగం ఉందా అని అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 180 మంది పిల్లల మీద పరీక్షించారు. అదీ బొడ్డుతాడు రక్తంతోనే, కొందరికి ఉత్తుత్తి సెలైన్ ఇచ్చి పోల్చి చూశారు. 2020లో ప్రచురించారు. వాళ్లు ముందుగా పెట్టుకున్న ప్రధాన కొలమానంలో, అంటే పిల్లల కలివిడితనంలో, తేడా తేలలేదు. పని చేస్తుందని గట్టిగా ఆశపడి మొదలుపెట్టినవాళ్లే చేయలేదని రాశారు. మీ బాబు బొడ్డుతాడు రక్తం గురించిన ప్రశ్నకు జవాబు కూడా ఇదే. దాచుకున్నది దాచుకున్నారు, దాన్ని ఇప్పుడు ఆటిజానికి ఎక్కించాల్సిన అవసరం లేదు. బొడ్డుతాడు రక్తానికి నిజమైన వాడుక రక్తం జబ్బుల్లో ఉంది. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ మొదటిసారి ఎక్కించింది ఫాంకోనీ అనీమియా ఉన్న అమెరికా పిల్లాడికి. ఆ రక్తం అతని చెల్లిది, అమెరికాలో తీసి, గడ్డకట్టించి, సముద్రం దాటించారు. అదీ కొలాబరేషనే!

మన దేశంలో రూలు కూడా స్పష్టంగా ఉంది. వైద్య పరిశోధనను చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం మజ్జ మార్పిడి లాంటి, రక్తం జబ్బులకు ఎప్పటి నుంచో ఉన్న చికిత్సలు తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకం అంతా అనుమతి ఉన్న ట్రయల్‌లోనే జరగాలి. ట్రయల్‌లో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆటిజానికి ప్రత్యేకంగా, స్టెమ్ సెల్స్ సిఫారసు చేయవద్దని నేషనల్ మెడికల్ కమిషన్ ఎథిక్స్ బోర్డు 2022 డిసెంబర్‌లో చెప్పింది. కాబట్టి మీ బావగారిని ఒక్క మాట అడగమనండి: ‘ఇది ట్రయలా, ట్రీట్‌మెంటా?’ ట్రయల్ అంటే ఎనిమిది లక్షలు ఎందుకు? ట్రీట్‌మెంట్ అంటే అనుమతి ఏది? ఈ రెండింటికీ మధ్య ఇరుకు సందు ఉందని చెప్పేవాళ్లు ఉంటారు. లేదు.

సీటీఆర్ఐ (మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే రిజిస్టర్) నంబర్ చూపిస్తారేమో. చూపిస్తే దాన్ని కొట్టిపారేయకండి, వెబ్‌సైట్‌లో తెరిచి చదవండి. కానీ అది రిజిస్ట్రేషన్ మాత్రమే, అనుమతి కాదు. పెళ్లి శుభలేఖ అచ్చేయించినంత మాత్రాన పెళ్లయినట్టు కాదు కదా. అందులో ఎథిక్స్ కమిటీ పేరు, డ్రగ్ కంట్రోలర్ అనుమతి ఉందా లేదా, ఎంతమందిని తీసుకుంటారు, ఏం కొలుస్తారు, డబ్బు ఎవరు పెడుతున్నారు అన్నవి ఉంటాయి. వాళ్లు చెప్పిన జబ్బూ అందులో రాసిన జబ్బూ ఒకటేనా చూడండి. మోకాలి నొప్పి ట్రయల్ నంబర్ చూపించి ఆటిజం పిల్లల్ని చేర్చుకోవడం నేను చూశాను.

‘జపాన్’ అన్న మాట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దానికే పడిపోతారు. స్టెమ్ సెల్స్‌లో జపాన్ గొప్పదే, అనుమానం లేదు. యమనాకా మామూలు కణాల్ని వెనక్కి తిప్పి స్టెమ్ సెల్స్ చేసినందుకు 2012లో నోబెల్ పంచుకున్నాడు. ఆ కణాలతో కోబేలో తకహాషి బృందం 2014లో మొదటి రోగి రెటీనాకు పొర పెట్టింది. రెండో రోగికి సిద్ధం చేసిన కణాల్లో జన్యు మార్పులు కనిపించాయి. వెంటనే ఆపేశారు. రోగి ఎదురుచూస్తున్నా ఆపేశారు. కానీ అదే జపాన్‌లో 2014 నుంచి అమల్లో ఉన్న ఒక చట్టం ఉంది. దాని కింద ప్రైవేటు క్లినిక్‌లు చికిత్స ప్లాన్‌ను కమిటీ చేత చూపించుకుని ప్రభుత్వానికి సమర్పిస్తే డబ్బులు తీసుకుని చేయొచ్చు. పనిచేస్తుందని ముందు రుజువు చూపక్కర్లేదు. కాబట్టి ‘జపాన్‌లో చేస్తున్నారు’ అన్న మాట నిజమే అయినా దాని అర్థం మీరనుకున్నది కాకపోవచ్చు. కోబే ల్యాబూ జపానే, ఆ క్లినిక్కూ జపానే.

‘పనిచేయకపోతే పోయేదేముంది, డబ్బే కదా’ అని మీ అక్క అన్నారని రాశారు. కన్నతల్లి బాధ అర్థమవుతుంది. కానీ పోయేది డబ్బొక్కటే కాదు. అమెరికాలో ఫ్లోరిడాలో ఒక క్లినిక్ ముగ్గురు ఆడవాళ్ల కళ్లలోకి వాళ్ల కొవ్వు నుంచే తీసిన ‘స్టెమ్ సెల్స్’ ఎక్కించింది. రెండు కళ్లకూ ఒకే రోజు. ముగ్గురికీ చూపు పోయింది. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో అచ్చయిన విషయం ఇది. సొంత కణాలే కదా అన్న ధీమా అక్కడ పనిచేయలేదు. నాలుగేళ్ల పిల్లాడికి వెన్నులో సూది అంటే మత్తు కావాలి, ఇన్ఫెక్షన్ భయం ఉంది, ఆ తర్వాత నాలుగు రోజులు తలనొప్పి వస్తే తనకు చెప్పడం రాదు. నా టెన్షన్ అంతా అక్కడే.

బంధువు ఒకరింట్లో ఇలాంటి ఫైలే చూశాను. అందులో ‘సెల్ రిపోర్ట్’ అని ఒక కాగితం, పైన విదేశీ జెండా, కింద ‘వయబిలిటీ 95 శాతం’, అంటే కణాల్లో అంతమేర బతికున్నాయని. బ్యాచ్ నంబర్ లేదు, తీసిన తేదీ లేదు, ఎవరి కణాలో లేదు. ల్యాబ్‌లో నేను ఒక డిష్ మీద పేరు, తేదీ, సమయం, నా పొట్టి సంతకం లేకుండా ఇంక్యుబేటర్‌లో పెడితే మా మేడమ్ దాన్ని అక్కడికక్కడే చెత్తబుట్టలో వేసేది. ఆ కాగితం చూడగానే ఆవిడే గుర్తొచ్చింది. ఇక కన్సెంట్ ఫారం పదకొండు పేజీలు. బిడ్డకు ఏదైనా అయితే వైద్యం ఎవరు చేయిస్తారు, పరిహారం ఎవరిస్తారు అన్నది మాత్రం ఎక్కడా లేదు. 2019 క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం అసలైన ట్రయల్‌లో అది రాయకుండా సంతకం చేయించడానికి వీల్లేదు.

ఎనిమిది లక్షలు అంటే పిల్లాడికి ఏళ్ల తరబడి స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ. సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ. నాలుగేళ్లంటే వెంటనే మొదలుపెట్టాల్సిన వయసు. అక్కడ లైన్లు ఉంటాయి, ఓపిక కావాలి, ఫలితం నెమ్మదిగా కనిపిస్తుంది. వారానికి ఒక కొత్త మాట వస్తే పండగ. దాన్ని ఎవరూ బ్రోచర్‌లో వేసి అమ్మలేరు.

అడ్వాన్స్ గురించి. రసీదు తీసి చూడండి. దాని మీద ‘కన్సల్టేషన్’ అని రాశారా, ‘స్టెమ్ సెల్ థెరపీ’ అని రాశారా? రెండోది అయితే ఆ ముక్క చాలా విలువైనది, ఫోటో తీసి దాచండి, వాళ్లడిగినా ఒరిజినల్ ఇవ్వకండి. బ్రోచర్, వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్లో మాట్లాడిన తేదీలు కూడా ఒకచోట పెట్టండి. వెనక్కి ఇవ్వమని ముందు రాతపూర్వకంగా, ఈమెయిల్‌లో అడగండి. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, యాభై వేల కేసుకు వకీలు లేకపోయినా నడుస్తుంది. సిట్టింగ్ తేదీ దగ్గరపడితే మాత్రం ముందు ఆ తేదీని క్యాన్సిల్ చేయించండి, డబ్బు సంగతి తర్వాత చూసుకోవచ్చు.